2020 టీవీ రేటింగులు: అందరూ చూసిన ఏడాది, అమ్ముడుపోని చూపులు

2020 ఏప్రిల్ 5 ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు ఇళ్లలో లైట్లు ఆర్పి, తొమ్మిది నిమిషాల పాటు దీపాలో కొవ్వొత్తులో వెలిగించాలని ప్రధానమంత్రి దేశ ప్రజలకు పిలుపునిచ్చారు. ఆర్పమన్నది లైట్లనే కానీ టీవీలను కాదు. అయినా జనం వాకిళ్లలోకి, బాల్కనీల్లోకి, మేడల మీదికి వెళ్లడంతో ఆ కాసేపు దేశంలో టీవీ వీక్షణ సుమారు 60 శాతం పడిపోయిందని, ఆ వేళలో 2015 తర్వాత అంత తక్కువ ఎన్నడూ నమోదు కాలేదని రేటింగుల సంస్థ బార్క్ లెక్క తేల్చింది. ఆ ఏడాది గురించి చెప్పేటప్పుడు అందరూ శిఖరాలనే గుర్తు చేసుకుంటారు. కానీ ఈ చిన్న లోయ చెప్పే సంగతి తక్కువది కాదు. మనుషులు ఇంటి గడప దాటి బయట నిలబడటమే రేటింగులకు పెద్ద కుదుపు అయిందంటే, మిగతా వేళల్లో దేశం మొత్తం టీవీ ముందు ఎంతగా కూర్చుండిపోయిందో ఊహించవచ్చు.

2020లో భారతీయులు టీవీలో ఏం చూశారన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ప్రధాని ప్రసంగమని ఒకరు, రామాయణమని ఒకరు, ఐపీఎల్ అని మరొకరు అంటారు. తెలుగు ఇళ్లలో అడిగితే కార్తీకదీపం అంటారు. ఎవరి దగ్గర వారి అంకె ఉంది, ఆ అంకెలు తప్పు కూడా కాదు. అవి వేర్వేరు కొలతలు కావడమే చిక్కు. బియ్యాన్ని కిలోల్లోనూ పాలను లీటర్లలోనూ కొలిచి ఏది ఎక్కువో తేల్చమన్నట్టుగా ఉంటుంది ఆ పోలిక.

కొలత సంగతి ముందు చూడాలి. బ్రాడ్‌కాస్ట్ ఆడియన్స్ రీసెర్చ్ కౌన్సిల్, అంటే బార్క్, 2015 నుంచి దేశంలో టీవీ రేటింగులు ఇస్తోంది. అప్పటి అంచనా ప్రకారం దేశంలో టీవీ ఉన్న ఇళ్లు దాదాపు 19.7 కోట్లు, వాటిలో మనుషులు సుమారు 83.6 కోట్లు. ఇంతమంది చూపును లెక్కపెట్టే మీటర్లు అప్పట్లో ఉన్నది 44 వేల ఇళ్లలో మాత్రమే. అంటే మీటరున్న ఒక్కో ఇల్లు సగటున నాలుగున్నర వేల ఇళ్ల తరఫున టీవీ చూసేదన్నమాట. చానళ్లు తమ ధ్వనిలో చెవికి అందని ఒక గుర్తును కలిపి పంపుతాయి. ఏ చానల్ నడుస్తోందో మీటరు ఆ గుర్తును బట్టి పసిగడుతుంది. చూస్తున్నదెవరన్నది మాత్రం దానికి తెలియదు. అందుకే ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక బటన్ కేటాయిస్తారు. అమ్మమ్మ వచ్చి కూర్చుంటే అమ్మమ్మ బటన్ నొక్కాలి, వంటింట్లోకి వెళ్తే మళ్లీ నొక్కాలి. దేశమంతటి ప్రకటనల వ్యాపారం చివరికి ఈ బటన్ మీద, దాన్ని నొక్కడం మరిచిపోని మనిషి మీద ఆధారపడి ఉంది.

శనివారం మొదలై శుక్రవారంతో ముగిసే వారానికి సంబంధించిన లెక్క ఆ తర్వాతి గురువారం బయటికి వస్తుంది. చానల్ ఆఫీసుల్లో గురువారానికి ఉన్న ప్రాముఖ్యం పరీక్షా ఫలితాల రోజుకు ఉన్నంత. ఆ రోజు వచ్చే అంకెల్లో రెండింటిని విడదీసి చూడటం ముఖ్యం. ఒకటి రీచ్: కార్యక్రమాన్ని కనీసం ఒక్క నిమిషమైనా చూసినవారి సంఖ్య. రెండోది ఇంప్రెషన్లు: కార్యక్రమం సాగినంతసేపూ నిమిషానికి సగటున ఎందరు చూస్తున్నారన్న సంఖ్య. చానల్ మారుస్తూ ఒక్క నిమిషం ఆగిన మనిషి రీచ్‌లో నిండు మనిషే. సగటులో అతని వాటా అణుమాత్రం. టీఆర్‌పీ అని జనం వాడుకలో చెప్పుకునే శాతం రెండో జాతికి చెందినది. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చే కోట్లు చాలాసార్లు మొదటి జాతివి.

ప్రధానమంత్రి ప్రసంగాల అంకెలు అలాంటివే. లాక్‌డౌన్ ప్రకటించిన మార్చి 24 రాత్రి ప్రసంగాన్ని 201 చానళ్లలో 19.7 కోట్ల మంది చూశారు. అంతకుముందు ఏడాది ఐపీఎల్ ఫైనల్ చూసిన 13.3 కోట్ల కంటే ఇది చాలా ఎక్కువని అప్పట్లో పోల్చారు. లాక్‌డౌన్‌ను పొడిగించిన ఏప్రిల్ 14 ఉదయపు ప్రసంగం 20.3 కోట్లతో దాన్నీ దాటింది. రిమోట్‌లో ఏ బటన్ నొక్కినా అదే ముఖం కనిపించే వేళకు, ఒకే సంస్థ చానళ్లలో వచ్చే క్రికెట్ మ్యాచ్‌కు పోలిక పెట్టడం అంత న్యాయం కాదు. అయితే ఆ ప్రసంగాల విషయంలో ఇంకో అంకె కూడా బయటికి వచ్చింది, అదే ఎక్కువ విలువైనది. ఏప్రిల్ 14 ప్రసంగాన్ని చూసిన మొత్తం సమయం దాదాపు 400 కోట్ల నిమిషాలు. దాన్ని 20.3 కోట్లతో భాగిస్తే మనిషికి ఇరవై నిమిషాలు వస్తాయి. ఇంచుమించు 25 నిమిషాల ప్రసంగానికి ఇరవై నిమిషాల చూపు దక్కిందంటే, వచ్చినవారు వచ్చినట్టు వెళ్లిపోలేదని అర్థం. రేపు పాలు దొరుకుతాయా, ఊరికి బస్సు ఉంటుందా అన్న ప్రశ్నలతో టీవీ ముందు కూర్చున్నవాళ్లు వాళ్లు. ఆగస్టు 5న అయోధ్యలో జరిగిన భూమిపూజకు ఇదే లెక్క కడితే, 198 చానళ్లలో 16.3 కోట్ల మంది, 730 కోట్ల నిమిషాలు. మనిషికి సుమారు 45 నిమిషాలు. తలల లెక్కలో భూమిపూజ, ఏప్రిల్ 14 ప్రసంగం కంటే వెనక, నిమిషాల లెక్కలో చాలా ముందు.

ఇక రామాయణం. 1987 జనవరిలో మొదలై 1988 జూలైలో ముగిసిన రామానంద్ సాగర్ ధారావాహికను దూరదర్శన్ 2020 మార్చి 28న, రేటింగుల వారం మొదలయ్యే శనివారం నాడే, మళ్లీ ప్రసారం చేయడం ప్రారంభించింది. ఉదయం తొమ్మిదికి ఒక భాగం, రాత్రి తొమ్మిదికి ఇంకో భాగం. మొదటి ప్రసారాన్ని 3.4 కోట్ల మంది, అదే రోజు రాత్రిది 4.5 కోట్ల మంది, ఆదివారం ఉదయానిది 4 కోట్ల మంది, రాత్రిది 5.1 కోట్ల మంది చూశారు. కొత్త సినిమాకు కూడా ఆదివారం రాత్రికి జనం ఇలా పెరగరు. మూడు దశాబ్దాల కిందటి చిత్రీకరణ, నిదానంగా నడిచే సంభాషణలు, ఇప్పటి పిల్లలకు నవ్వు తెప్పించగల బాణాల యుద్ధాలు. వీటన్నిటితో దూరదర్శన్ ఆ వారం దేశంలో అత్యధికులు చూసిన చానల్ అయింది. మధ్యాహ్నం, సాయంత్రం డీడీ భారతిలో వచ్చిన బి.ఆర్. చోప్రా మహాభారతం కూడా ఆ ఊపుకు తోడైంది.

ఈ విజయం చుట్టూ రెండు అంకెలు ప్రచారంలోకి వచ్చాయి. ఆ వారాంతంలో రామాయణాన్ని 17 కోట్ల మంది చూశారన్నది మొదటిది. పై నాలుగు అంకెలనూ కూడితే సరిగ్గా 17 కోట్లే వస్తుంది. అంటే శనివారం ఉదయం చూసి, రాత్రికి చూసి, ఆదివారం మళ్లీ రెండు పూటలా చూసిన తాతగారు అందులో నలుగురయ్యారు. ఏప్రిల్ 16న ఒక భాగాన్ని 7.7 కోట్ల మంది చూశారని, ప్రపంచంలోనే అత్యధికులు చూసిన వినోద కార్యక్రమం ఇదేనని దూరదర్శన్ చేసిన ప్రకటన రెండోది. 1983 ఫిబ్రవరి 28న అమెరికాలో ‘మ్యాష్’ సీరియల్ చివరి భాగాన్ని దాదాపు 10.6 కోట్ల మంది చూసినట్టు అక్కడి రేటింగుల్లో నమోదై ఉంది. అంతకంటే తక్కువైన 7.7 కోట్లు రికార్డు ఎలా అయిందో ఎవరూ వివరించలేదు. నిజానికి రామాయణానికి ఆ ప్రపంచ రికార్డు అవసరమే లేదు. 1987లో టీవీకి పూలదండ వేసి, హారతి ఇచ్చి చూసిన జనాన్ని ఏ మీటరూ లెక్కపెట్టలేదు; 2020లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూసినది చాలామట్టుకు ఆ జనమే. దేశంలో చాలామందికి ఒకే చానల్ ఉన్న కాలంలో దక్కిన ఆదరణను, వందల చానళ్లున్న కాలంలో ఒక పాత కార్యక్రమం తిరిగి సంపాదించడం ఏ ప్రపంచ రికార్డు కంటే విశేషమే.

మార్చి 28 నుంచి ఏప్రిల్ 3 వరకు సాగిన ఆ వారంలో దేశం మొత్తం టీవీ చూసిన సమయం 1.27 లక్షల కోట్ల నిమిషాలు. జనవరిలోని మామూలు వారాలతో పోలిస్తే ఇది 43 శాతం ఎక్కువ. టీవీ ఉన్న ఇళ్లలోని 83.6 కోట్ల మందికీ పంచితే, రోజుకు మనిషికి మూడు గంటల ముప్పై ఏడు నిమిషాలు. పసిపిల్లలనూ, టీవీ వైపు కన్నెత్తి చూడనివారినీ కలుపుకునే ఇంత.

ఇంత చూపు ఉంటే చానళ్లకు డబ్బు కురవాలి. కురవలేదు. రేటింగు అనేది జనాదరణకు కొలమానంగా పుట్టలేదు. ప్రకటన సమయాన్ని అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ధర తేల్చే తూకంగా పుట్టింది. కొనేవాడే సంతకు రాకపోతే తూకం ఎంత బరువు చూపించినా ఒకటే. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, దుకాణాలు మూతపడ్డాయి, కార్లు, ఫ్రిజ్‌లు, చీరలు కొనే పరిస్థితి ఎవరికీ లేదు. అలాంటప్పుడు వాటికి ప్రకటన ఇచ్చి లాభమేమిటని కంపెనీలు వెనక్కి తగ్గాయి. 2019లో దాదాపు 32,000 కోట్ల రూపాయలున్న టీవీ ప్రకటనల ఆదాయం 2020లో 25,100 కోట్లకు, అంటే అయిదో వంతుకు పైగా పడిపోయిందని పరిశ్రమల సమాఖ్య ఫిక్కీ, సలహా సంస్థ ఈవై కలిసి ఇచ్చే వార్షిక నివేదిక చెప్పింది. చందాల ఆదాయం కూడా తగ్గింది కానీ అంత కాదు. భారతీయ టీవీ చరిత్రలో జనం టీవీకి అంతగా అతుక్కుపోయిన వారాలే చానళ్లకు చేతికి చిల్లిగవ్వ రాని వారాలు కావడం ఆ ఏడాది విడ్డూరం.

దానికి తోడు అమ్మడానికి సరుకు కూడా లేదు. మార్చి మూడో వారంలో సీరియళ్ల షూటింగులు ఆగిపోయాయి. సీరియల్ వ్యాపారానికి ప్రాణం కథ కాదు, అలవాటు. ఏడున్నర అయితే ఫలానా చానల్ పెట్టడమనే అలవాటు కోసమే వందల భాగాలు నడుస్తాయి. ముందే తీసి ఉంచుకున్న భాగాలు రోజుల్లో అయిపోయి, పాత భాగాలు తిరగేయాల్సి వచ్చేసరికి ఆ అలవాటు తెగింది. దూరదర్శన్ అంత సునాయాసంగా పైకి రావడానికి భక్తి ఎంత కారణమో, ఎదురుగా పోటీ పడే కొత్త భాగం ఒక్కటీ లేకపోవడం అంతే కారణం. పోటీ చానళ్లు అది గ్రహించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మే 4 నుంచి స్టార్ ప్లస్‌లో అదే రామాయణం, కలర్స్‌లో అదే మహాభారతం వచ్చాయి. షూటింగులు మళ్లీ మొదలయ్యాక, జూలై 13న స్టార్ ప్లస్‌లో ప్రారంభమైన ‘అనుపమా’ త్వరలోనే హిందీ సీరియళ్లలో మొదటి స్థానానికి చేరింది. తెగిన అలవాటును ముడివేయడానికి పాత కథ కంటే కొత్త కథే పనికొచ్చింది.

తెలుగులో మాత్రం పాత ముడే నిలిచింది. 2017లో స్టార్ మాలో మొదలైన కార్తీకదీపం, కరుత్తముత్తు అనే మలయాళ సీరియల్‌కు తెలుగు రూపం. వంటలక్క దీప, ఆమెను అనుమానించి దూరం పెట్టిన డాక్టర్ బాబు, వాళ్ల మధ్య నలిగే పిల్లలు. లాక్‌డౌన్ విరామం తర్వాత కొత్త భాగాలు రాగానే జనం తిరిగి వచ్చారు, తెలుగు సీరియళ్లలో దాని మొదటి స్థానం చెక్కుచెదరలేదు. హిందీ మాట్లాడే జనంతో పోలిస్తే తెలుగు జనాభా ఎంతో చిన్నది. అయినా స్టార్ మా, తమిళంలో సన్ టీవీ దేశం మొత్తం మీద మొదటి పది చానళ్లలో కనిపిస్తూ ఉండటానికి దక్షిణాది ఇళ్లలో ఒకే చానల్‌కు దక్కే ఈ విధేయతే మూలం. హిందీలో ప్రేక్షకులు పది చోట్లకు చెదిరిపోతారు. చందా కట్టనక్కర లేని డీడీ ఫ్రీ డిష్‌లో వచ్చే దంగల్ లాంటి చానల్ కూడా అక్కడ పెద్ద పెద్ద పేర్లను వెనక్కి నెట్టగలదు.

సినిమాల కథ ఇంకా ఆసక్తికరం. ఆ ఏడాది ఉగాది మార్చి 25న వచ్చింది, అదే లాక్‌డౌన్ మొదటి రోజు. పండగ పూట గుడికి వెళ్లే వీలు లేదు, చుట్టాల ఇంటికి వెళ్లే వీలు లేదు. ఆ సాయంత్రం జెమిని టీవీ ‘సరిలేరు నీకెవ్వరు’ వేసింది. రేటింగు 23.4. అంతకుముందు వరకు రికార్డుగా చెప్పుకున్న ‘బాహుబలి 2’ రేటింగు 22.7. ఈ కొత్త రికార్డు అయిదు నెలలైనా నిలవలేదు. ఆగస్టు 16 ఆదివారం అదే జెమినిలో ‘అల వైకుంఠపురములో’ 29.4 తెచ్చుకుంది. లెక్కలో ఉన్న ప్రతి వంద మందిలో, సినిమా నడిచిన ఏ నిమిషం తీసుకున్నా సగటున ఇరవై తొమ్మిది మందికి పైగా దాన్నే చూస్తున్నారన్నమాట; ప్రకటనలతో కలిపి నాలుగు గంటలకు సాగే ప్రసారంలో ఆ సగటును నిలబెట్టుకోవడం మామూలు విషయం కాదు. ఈ రెండు సినిమాలూ సంక్రాంతికి థియేటర్లలో ఆడినవే, టీవీలోకి వచ్చే నాటికే ఓటీటీలో ఉన్నవే. ఓటీటీలో వచ్చేసిన సినిమాను టీవీలో ఎవరు చూస్తారన్న వాదన అప్పటికే బలంగా ఉంది. థియేటర్లు మూతపడిన ఆగస్టులో ఆ వాదనకు గండి పడింది. ఓటీటీలో సినిమా ఒక మనిషి ఫోన్‌లో చూసేది, టీవీలో సినిమా ఇల్లంతా కలిసి చూసేది. ఇల్లంతా ఇంట్లోనే ఉన్న ఏడాది అది. బిగ్‌బాస్ నాలుగో సీజన్ కూడా ఆ గాలిలోనే లేచింది. సెప్టెంబర్ 6న నాగార్జున ప్రారంభించిన భాగానికి 18.5 వచ్చింది, డిసెంబర్ 20న జరిగిన ఫైనల్‌కు అంతకంటే ఎక్కువే. బయటికి వెళ్లే వీల్లేక నాలుగు గోడల మధ్య గడిపిన జనం, బయటికి వెళ్లే వీల్లేని ఇంకో ఇంటిని చూస్తూ కూర్చున్నారు.

అదే సెప్టెంబర్‌లో క్రికెట్ వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో జరగాల్సిన ఐపీఎల్ వాయిదా పడి, సెప్టెంబర్ 19 నుంచి నవంబర్ 10 వరకు ఎమిరేట్స్‌లో, ఖాళీ స్టేడియాల్లో జరిగింది. చెన్నై, ముంబై జట్ల మధ్య తొలి మ్యాచ్‌ను 20 కోట్ల మంది చూశారని క్రికెట్ బోర్డు ప్రకటించింది. అది రీచ్ జాతి అంకె. టోర్నీ మొత్తం మీద సగటున 3.157 కోట్ల ఇంప్రెషన్లు, గత ఏడాది కంటే 23 శాతం ఎక్కువ, అన్నది రెండో జాతి అంకె. 20 కోట్లకూ 3 కోట్లకూ మధ్య ఉన్న దూరమే ఈ రెండు కొలతల మధ్య దూరం. ప్రకటనదారుకు రెండోదే ముఖ్యం. పండగ సీజన్‌కు ముందు కంపెనీలు తిరిగి సంతకు రావడంతో, ఏడాది మొత్తంలో చూపు, డబ్బు ఒకే దారిన నడిచిన కాలం ఇదే.

మ్యాచ్‌లు రాత్రి ఏడున్నరకు మొదలయ్యేవి. కార్తీకదీపం కూడా ఏడున్నరకే. తెలుగు రాష్ట్రాల్లో ఒకే టీవీ ఉన్న ఇళ్లలో రిమోట్ ఎవరి చేతిలో ఉండాలన్న పేచీ ఎంత దాకా వెళ్లిందంటే, మ్యాచ్ చూడనివ్వడం లేదు, సీరియల్ వేళ మార్చండి అని ఒక అభిమాని ట్విటర్‌లో చానల్‌ను వేడుకోవడం, చానల్ ఆ ఇంటికి ఇంకో టీవీ బహుమతిగా పంపడం అప్పట్లో వార్త అయింది. సీరియల్ వేళ మారలేదు.

ఏడాది చివరి భాగంలో కొలిచే తూకమే వివాదంలో పడింది. అక్టోబర్ 8న, అదీ రేటింగులు వచ్చే గురువారమే, ముంబై పోలీస్ కమిషనర్ విలేకరుల సమావేశం పెట్టి, మీటర్లున్న ఇళ్లకు నెలకు నాలుగైదు వందల రూపాయలిచ్చి ఫలానా చానళ్లు పెట్టి ఉంచమని చెబుతున్నారని ఆరోపించారు. వాటిలో ఒక ఆంగ్ల వార్తా చానల్ కూడా ఉందన్నారు. ఆ చానల్ ఆరోపణలను పూర్తిగా ఖండించింది. కేసు రాజకీయ రంగు పులుముకుంది. తర్వాతి కాలంలో ఆ చానల్‌పై ఆధారాలు కనబడలేదని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కోర్టుకు నివేదించింది, చివరికి 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం కోర్టు అనుమతితో కేసును ఉపసంహరించుకుంది. నేరం ఎవరిదన్న సంగతి పక్కన పెట్టినా, ఆ ఆరోపణ ఎందుకు అంత సులువుగా నమ్మదగినదిగా తోచిందన్న ప్రశ్న మిగులుతుంది. కారణం ఆ 44 వేల ఇళ్లలోనే ఉంది. పెద్ద సీరియల్ రేటింగును మార్చాలంటే వేల ఇళ్లు కొనాలి. ఆంగ్ల వార్తలు చూసేవారు మీటర్లున్న ఇళ్లలో బహు స్వల్పం. అక్కడ పదో ఇరవయ్యో ఇళ్లలో రోజంతా ఒకే చానల్ నడిస్తే చాలు, పట్టికలో స్థానాలు తారుమారవుతాయి. ప్రేక్షకులు తక్కువ ఉన్నచోట తూకం రాయి ఈకకు కూడా కదులుతుంది.

అక్టోబర్ 15న బార్క్ వార్తా చానళ్ల విడివిడి రేటింగులను నిలిపివేసింది. ఎనిమిది నుంచి పన్నెండు వారాలన్న విరామం పదిహేడు నెలలు సాగి, 2022 మార్చిలో ముగిసింది. అప్పటి నుంచి వార్తా చానళ్లకు ఒక్క వారం లెక్క కాకుండా నాలుగు వారాల సగటు ఇస్తున్నారు. విరామ కాలంలో ఏ భాషలో వార్తలను మొత్తంగా ఎందరు చూశారన్నది తెలిసేది కానీ, ఏ చానల్‌లో ఎందరన్నది తెలిసేది కాదు. హైదరాబాద్‌ను వరద ముంచెత్తి రెండు రోజులైనా కాకముందే మొదలైన ఆ విరామంలోనే గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు వచ్చాయి, ఢిల్లీ సరిహద్దుల్లో రైతుల ఆందోళన మొదలైంది. రేటింగులు లేవు కదా అని స్టూడియోల్లో గొంతులేమీ తగ్గలేదు.

నవంబర్ 10న ఈ రెండు ప్రపంచాలూ ఒకే రాత్రి పక్కపక్కన నడిచాయి. దుబాయ్‌లో ముంబై, ఢిల్లీ జట్ల మధ్య ఐపీఎల్ ఫైనల్ జరుగుతుండగా, బిహార్ ఎన్నికల ఓట్ల లెక్కింపు అర్ధరాత్రి దాటేదాకా సాగింది. మ్యాచ్ ఏ నిమిషంలో ఎందరు చూశారో తర్వాతి గురువారానికి తేలింది. బిహార్ ఫలితాల కోసం జనం ఏ చానల్ పెట్టుకున్నారన్నది ఏ పట్టికలోనూ లేదు.